తాడు దేనికి కట్టాలి?



సంఘం బండికి వించ్ కొనాలన్న మాట బయటికి వచ్చినప్పటి నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో బేల్దారి పనులకు వెళ్లిన మన బిడ్డలు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కొందరు వీడియోలు పంపారు. వాటిలో ముందు బంపరుకు నల్లటి మోటారు బిగించిన జీపులు, రిమోటు నొక్కగానే బురదలోంచి బయటికి వస్తున్నాయి. "అయ్యగారూ, పన్నెండు వేల పౌండ్లది తీసుకోండి, తక్కువ పడితే మేం వేస్తాం" అన్నారు. వాళ్ల ప్రేమను బట్టి దేవునికి స్తోత్రం. అయినా పెద్దలతో కలిసి నాలుగు ఆదివారాలు కూర్చుని మేము వేరే దారి ఎంచుకున్నాం. కానుక ఇచ్చిన ప్రతి ఒక్కరికీ లెక్క చెప్పవలసిన వాళ్లం కాబట్టి, ఏది ఎంచుకున్నామో, ఎందుకు ఎంచుకున్నామో ఈ వారం రాస్తున్నాం.

ముందుగా అవసరం సంగతి. మన బండి పాత బొలెరో, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది. ఆదివారం ఆరాధనకు పల్లెల నుంచి ముసలివాళ్లను తీసుకురావడానికి దాన్ని కొన్నాం. ఇప్పుడు దాని అసలు పని వారం మధ్యలో పడుతోంది. మన సంఘంలో ఒక పెద్దమ్మ డయాలసిస్ మీద ఉంది. వారానికి రెండుసార్లు ఆమెను ఆసుపత్రికి చేర్చాలి. కిడ్నీలు పనిచేయని మనిషికి ఒక విడత తప్పిందంటే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. ఊపిరితిత్తులకు నీరు పడుతుంది, గుండె లయ తప్పుతుంది. "వాన తగ్గినాక వెళ్దాంలే" అనడానికి వీల్లేని ప్రయాణం అది. ఆమె ఉండే పల్లెకు చివరి రెండు కిలోమీటర్లు పొలాల మధ్య డొంకదారి.

కనిగిరి చుట్టుపక్కల ఎర్రనేల, గరుసునేల ఎక్కువ కాబట్టి వాన వెలిసిన కాసేపటికి బండి నడుస్తుంది. మధ్యమధ్య రేగడి చెక్కలున్న చోట, ఇంకా దర్శి, అద్దంకి వైపు పత్తి, మిరప పండే నేలల్లో అలా కుదరదు. నల్లరేగడి బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కాలు దిగేంత నెర్రెలు విడుస్తుంది. తడిసినప్పుడు టైరు గాడుల్లో నిండిపోయి టైరును నున్నటి రోలర్‌లా చేస్తుంది. అప్పుడు ఫోర్ వీల్ ఉన్నా నాలుగు చక్రాలూ అక్కడే తిరుగుతాయి. మన జిల్లాలకు అక్టోబరు, నవంబరుల్లోనే వానలు గట్టిగా పడతాయి, తుపాన్లూ అప్పుడే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ డొంకలు ఎలా ఉన్నాయో మీలో చాలామందికి తెలుసు. కల్లాల్లో పంట, ఇళ్లలో రోగులు, దారుల్లో మోకాలి లోతు బురద.

వించ్ అంటే మనకు కొత్త వస్తువేమీ కాదు. బోరులో మోటారు కాలిపోతే మూడు కాళ్ల స్టాండు వేసి, చైన్ పుల్లీతో వందల అడుగుల పైపును పైకి లాగేవాళ్లను చూస్తూనే ఉన్నాం. అంతకుముందు మన తాతలు మోట తోలారు. ఎడ్లు బావి గట్టు నుంచి వాలులోకి దిగుతుంటే గిలక మీది మోకు లాగి నీళ్ల తొండాన్ని పైకి తెచ్చేది. ఆ వాలు ఊరికే పెట్టింది కాదు. ఎడ్ల బలానికి వాటి బరువు కూడా తోడవ్వాలని అలా తవ్వారు. లాగే పనిలో బలం ఒక్కటే చాలదని మనవాళ్లకు ఏనాడో తెలుసు.

ఇక లెక్క. కంపెనీలు చెప్పే పద్ధతి ఒకటుంది: నిండు బరువుతో ఉన్న బండికి ఒకటిన్నర రెట్లు లాగగల వించ్ కావాలి. అందుకని మేము తొమ్మిది మందిని ఎక్కించి, పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది వేసి, బండిని కాటా మీదికి తీసుకెళ్లాం. 2,480 కిలోలు తూగింది. ఒకటిన్నర రెట్లంటే 3,720 కిలోలు, అంటే సుమారు 8,200 పౌండ్లు. బజారులో దొరికేవి 8,000, 9,500, 12,000 పౌండ్లవి. ఆ లెక్కన 9,500 సరిపోవాలి. కుర్రవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి 12,000 అన్నారు. ఇక్కడితో ఆగితే నిర్ణయం ఒక్క పూటలో అయిపోయేది.

కాని బురద తన లెక్క తాను వేసుకుంటుంది. బండ్లు బయటికి లాగే పనిలో ఉన్నవాళ్లు పాటించే ఒక అంచనా ఉంది. చక్రం మునిగేంత బురదైతే బండి బరువంత అడ్డు ఉంటుంది. మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు. అంటే మన బండి లోతుగా దిగితే దాదాపు 5,000 కిలోల అడ్డు. అదే బండిలోంచి తొమ్మిది మంది దిగి, ఎనిమిది బస్తాలు దించితే బరువు 1,780కి వస్తుంది. చక్రాల ముందున్న మట్టి పారతో తీసేస్తే అడ్డు ఇంకా తగ్గుతుంది. పాత రోజుల్లో బండి దిగబడితే పెద్దవాళ్లు చేసిందీ ఇదే. ముందు బస్తాలు దించేవారు, తర్వాత చక్రం దగ్గర మట్టి తీసేవారు, ఆ తర్వాతే ఇంకో జత ఎడ్లను కట్టేవారు. నాలుగు వందల రూపాయల పార చేసే మేలు ముందు, రెండు వేల పౌండ్లు ఎక్కువున్న మోటారు చేసే మేలు చిన్నది.

రెండో సంగతి, పెట్టె మీద రాసిన అంకె గురించి. ఆ అంకె వించ్ డ్రమ్ము మీద తాడు ఒక్క వరుసే మిగిలినప్పటిది. డ్రమ్ము మీద తాడు వరుసలు పెరిగేకొద్దీ చుట్టు పెద్దదై లాగే బలం తగ్గుతుంది. నాలుగో వరుసకు వచ్చేసరికి సుమారు మూడో వంతు పోతుంది. 9,500 పౌండ్లది అక్కడ ఆరు వేల చిల్లరకు దిగుతుంది. ఆసరా దగ్గరగా ఉంటే తాడు కొంచెమే విప్పుతాం, వరుసలు ఎక్కువ మిగులుతాయి, బలం తక్కువ వస్తుంది. అలాగని తాడు మొత్తం విప్పకూడదు, డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లు మిగలాలి. ఇవన్నీ కంపెనీవాళ్లు దాచినవి కావు. వెనక పేజీల్లో రాసే ఉంటాయి, మనం ముందు పేజీ చూసి ఆగిపోతాం.

మూడోది కరెంటు. ఎలక్ట్రిక్ వించ్ పూర్తి బరువు మీద లాగేటప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 400 ఆంపియర్లు తీసుకుంటుంది. బండి రెండు హెడ్‌లైట్లు కలిపి తీసుకునేది సుమారు తొమ్మిది. కాబట్టి ఇంజను నడుస్తూ ఉండాలి, బ్యాటరీ మంచిదై ఉండాలి, కాసేపు లాగి కాసేపు ఆపాలి. నీళ్లలో ఇంజను ఆగిపోతే, లేదా బ్యాటరీ పాతదైతే, ముందున్న వించ్ బరువు తప్ప ఇంకేమీ కాదు. రోగిని తెచ్చే బండి విషయంలో మాకు ఇది పెద్ద సంగతి అనిపించింది.

నాలుగోది మన స్త్రీల సమాజంలో ఒక అవ్వ అడిగిన ప్రశ్న. వీడియోలన్నీ చూశాక ఆమె, "నాయనా, ఇది ముందుకే లాగుద్దా, వెనక్కి కూడా లాగుద్దా?" అంది. గదంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. ముందు బంపరుకు బిగించింది ముందుకే లాగుతుంది. డొంకలో దిగబడ్డ బండికి ముందు ఇంకా బురదే ఉంటుంది, గట్టినేల వెనకాల ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి పోవడమే చాలాసార్లు మంచిది. ఆ ప్రశ్నతో మా ఆలోచన మారింది. అంతవరకు ఎంత బలమని అడుగుతున్నాం, ఆ తర్వాత ఎటు, దేన్ని పట్టుకుని అని అడగడం మొదలుపెట్టాం.

దేన్ని పట్టుకుని అన్నదే అన్నిటికంటే పెద్దది. వించ్ బండిని లాగుతుందని అంటాం గాని, అది తాడును మాత్రమే లాగుతుంది. తాడు అవతలి కొస కదలని దానికి కట్టి ఉంటేనే బండి కదులుతుంది. వీడియోల్లో అడవి, చుట్టూ పెద్ద చెట్లు. మన రేగడి పొలాల మధ్య ఏముంది? మేము ఆ రెండు కిలోమీటర్లు నడిచి చూశాం. నాలుగు వేపచెట్లు, రెండు నల్లతుమ్మలు, ఒకచోట జామాయిల్ తోట. మిగతాదంతా చిల్లకంప, మిరపచేలు. కంప ఆ లాగుడుకు ఆగదు. నరికాక చిగిర్చిన జామాయిల్ కొమ్మలు సన్నగా ఉంటాయి, మొదలు పట్టుకుని కడితే తప్ప ఆగవు. కరెంటు స్తంభానికి ఎట్టి పరిస్థితిలోనూ కట్టకూడదు. దిగబడటానికి అవకాశం ఎక్కువున్న మూడు చోట్లలో రెండింటికి వంద అడుగుల లోపు చెట్టే లేదు. అక్కడ పన్నెండు వేల పౌండ్ల వించ్ ఉన్నా ఉపయోగం లేదు.

చెట్టు లేనిచోట ఆసరా మనమే తయారు చేసుకోవాలి. పద్ధతులున్నాయి. గట్టినేలలో గడ్డపలుగులు లాగే వైపుకు ఎదురుగా ఏటవాలుగా దింపి, ఒకదాని తల నుంచి వెనకదాని మొదలుకు తాడుతో బిగించి కట్టాలి. ముందు మూడు, వాటి వెనక రెండు, వాటి వెనక ఒకటి. ఒక్క పలుగు ఊడివచ్చే చోట ఆరు కలిసి ఆగుతాయి. మెత్తటి నేలలో అయితే అడ్డంగా కందకం తవ్వి, స్టెప్నీ చక్రాన్ని నిలువుగానో దుంగను అడ్డంగానో పాతి, దానికి తాడు కట్టాలి. తాడు బయటికి రావడానికి ముందువైపు సన్నని వాలు కాలువ తవ్వాలి. ఇదంతా అరగంట, ముప్పావుగంట పని. అయితే డబ్బుతో కొనేది కాదు, చేతులతో చేసేది.

ఇవన్నీ తూచి చివరికి మేము ఎంచుకున్నది చేత్తో తిప్పే వైరు రోపు లాగుడు యంత్రం. చాలామంది టిర్ఫోర్ అనే పేరుతో పిలుస్తారు. కరెంటు లైన్లు వేసేవాళ్ల దగ్గర, టవర్లు నిలబెట్టేవాళ్ల దగ్గర మీరు చూసే ఉంటారు. మనది 1,600 కిలోలు లాగేది. దీనికి డ్రమ్ము లేదు. లోపల రెండు జతల దవడలు తాడును మార్చిమార్చి పట్టుకుని జరుపుతాయి, మనం తాడు ఎక్కేటప్పుడు ఒక చేయి తర్వాత ఇంకో చేయి వేసినట్టు. అందువల్ల తాడు ఎంత పొడవున్నా బలం తగ్గదు. శక్తికి మించి లాగితే పిడి దగ్గరున్న చిన్న పిన్నులు ముందు తెగి యంత్రాన్ని కాపాడతాయి. పిన్నులు కొత్తవి వేసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. ముందుకు, వెనక్కి, పక్కకు ఎటైనా లాగుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. ఒక మనిషి భుజాన మోసుకెళ్లవచ్చు కాబట్టి మన బండికే కాదు, దిగబడిన ఆటోకు, ట్రాక్టరు ట్రక్కుకు, దారికి అడ్డంగా పడిన చెట్టుకు కూడా పనికొస్తుంది. ఎలక్ట్రిక్ వించ్‌కు మేము అడిగిన ధరలో సగం కంటే తక్కువకు గిలకతో, పట్టీలతో కలిపి వచ్చింది.

1,600 కిలోలతో 2,480 కిలోల బండి ఎలా అని అడుగుతారు. అందుకే గిలక. తాడును గిలక చుట్టూ తిప్పి వెనక్కి తెస్తే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. గిలకను చెట్టుకు కాకుండా బండికి తగిలించి, తాడు కొసను ఒక ఆసరాకు, యంత్రాన్ని ఇంకో ఆసరాకు కడితే, బండి మీద 3,200 కిలోల లాగుడు పడినా ఒక్కో ఆసరా మీద 1,600 మాత్రమే పడుతుంది. పెద్ద చెట్టు లేని మన నేలకు ఇది సరిగ్గా సరిపోయింది. ఒక్కటే మోయలేని బరువును రెండు చిన్నచెట్లు పంచుకుంటాయి.

కష్టం కూడా చెప్పాలి. ఇది చాలా నిదానం. పిడి ఒకసారి ముందుకు వెనక్కి ఊపితే తాడు ఐదారు సెంటీమీటర్లు జరుగుతుంది. గిలక వేస్తే బండి అందులో సగమే జరుగుతుంది. మూడు మీటర్లు రావాలంటే నూటికి పైగా సార్లు ఊపాలి. ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ చేయాలి. ఒంటరిగా తిరిగేవాళ్లకు, రోజూ అడవుల్లో తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ వించే మేలు, అందులో తప్పేమీ లేదు. మన బండి ఏనాడూ ఒంటరిగా వెళ్లదు. డ్రైవరు కాక ఇద్దరు లేనిదే వానాకాలంలో పల్లెకు పంపం.

బంపరు గురించి ఒక మాట. ముందు వించ్ బిగించాలంటే సాధారణంగా బరువైన ఇనుప బంపరు వేయిస్తారు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. నడిచివెళ్లే మనిషికి తగిలితే ఆ ఇనుము ప్రాణం తీస్తుంది. సంఘం పేరు రాసి ఉన్న బండి ఇలాంటి అనుమానాలకు దూరంగా ఉండటం మంచిదనుకున్నాం.

తాడు గురించి చీమకుర్తి గ్రానైటు క్వారీలో ఇరవై ఏళ్లు డెరిక్ క్రేను దగ్గర పనిచేసిన మన సహోదరుడు అందరినీ కూర్చోబెట్టి నేర్పాడు. "బిగిసిన తాడును దాటకూడదు, దాని పక్కన నిలబడకూడదు. తెగితే అది పాములా కొడుతుంది, తప్పుకునే వ్యవధి ఇవ్వదు" అన్నాడు. ఇనుప తాడును చేతి తొడుగు లేకుండా ముట్టకూడదు, తెగిన పోగులు ముల్లులా దిగుతాయి. లాగేముందు తడిపిన గోనెసంచి రెండు తాడు మీద వేయాలి, తెగినా దాని విసురు తగ్గుతుంది. సింథటిక్ తాడు తేలిక, తెగినా అంతగా కొట్టదు. కాని ఎండకు, ఇసుక రాపిడికి పాడవుతుంది. మన ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఈ యంత్రం దవడలకు దాని కోసమే చేసిన ఇనుప తాడు తప్ప వేరేది వేయకూడదు. చెట్టుకు మాత్రం నేరుగా వైరు చుట్టకూడదు. బెరడు కోసుకుపోతే ఆ చెట్టు ఎండిపోతుంది. వెడల్పాటి పట్టీ వేసి, మొదలు దగ్గర, నేలకు వీలైనంత దగ్గరగా కట్టాలి.

ఆ పట్టీ చేతిలోకి తీసుకున్నప్పుడు మాకు యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయం గుర్తొచ్చింది. మీరు తెరిచి చదవండి. ప్రవక్తను గోతిలో వేశారు. అందులో నీళ్లు లేవు, బురద ఉంది, ఆయన దానిలో దిగబడ్డాడు. కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. రాజు ముప్పైమందిని ఇచ్చాడు. బలం అక్కడికి సరిపోయింది, తాళ్లూ ఉన్నాయి. కాని ఎబెద్మెలెకు నేరుగా గోతి దగ్గరికి పోలేదు. ఖజానా కింది గదిలోకి వెళ్లి పాత చిరిగిన బట్టలు, గుడ్డపేలికలు ఏరుకొచ్చాడు. వాటిని చంకల కింద, తాళ్లకు అడ్డంగా పెట్టుకోమని యిర్మీయాకు చెప్పాడు. ఆ తర్వాతే లాగారు. ఆకలితో ఉన్న ఒంటిమీద తాడు ఎక్కడ కోస్తుందో ముందే ఆలోచించాడు. లాగినవాళ్లు పైన గట్టినేల మీద నిలబడ్డారు కాబట్టి ఆయన పైకి రాగలిగాడు.

మేము ఈ విషయంలో చూసుకున్నదీ అదే. బండిలో ఉన్నది ఎవరు, నేల ఎలాంటిది, తాడు దేనికి కడతాం, అది ఎవరిని కోస్తుంది. ఈ నాలుగింటికీ జవాబు దొరికాక యంత్రం ఏదో దానంతట అదే తేలింది.

మిగిలిన డబ్బు సంగతి. వించ్ కోసం మీరు పంపినదాంట్లో సగానికి పైగా ఉంది. ఆ డొంకలో చెట్టు లేని రెండు చోట్లలో ఒకటి పల్లం, ప్రతి వానకూ అక్కడ నీళ్లు నిలుస్తాయి. అక్కడ గరుసు తోలించి ఎత్తు చేయడానికి పంచాయతీని అడిగాం. రైతులు ట్రాక్టర్లు ఇస్తామన్నారు, కూలి ఖర్చుకు మీ డబ్బు వాడవచ్చా అని అడుగుతున్నాం. వద్దన్నవాళ్ల డబ్బు తిరిగి పంపుతాం, మనసులో పెట్టుకోకుండా చెప్పండి. బురదలోంచి లాగడం కంటే దిగబడకుండా చూడటం పెద్దమ్మకు మేలు కదా.

పండక్కి ఊరికి వచ్చే తమ్ముళ్లకు ఒక మనవి. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు చర్చి వెనక పొలంలో యంత్రం నేర్చుకుందాం. పలుగులు ఆరూ దింపడం, చక్రం పాతడం, గిలక వేయడం, తాడుకు దూరంగా నిలబడటం, అన్నీ ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చేసి చూడాలి. అర్ధరాత్రి వానలో మొదటిసారి నేర్చుకునే పని కాదిది. చేతి తొడుగులు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. అవ్వ కూడా వస్తానంది, వెనక్కి లాగేది చూడాలట.

దేవుడు మిమ్మల్ని, మీ ప్రయాణాలను కాపాడును గాక. ఆమేన్.